నాలుగు వందల టికెట్టు, ఏడు రుజువులు: ఒక వాచీ మెకానిక్ రివ్యూ

ముందే చెప్తున్న, మూడు స్టార్లు చూసి ఇటు భక్తులు అటు నాస్తికులు ఇద్దరు కలిసి నా మీద పడకుండ్రి, మొత్తం చదివినంక పడుండ్రి. నల్లగొండల బైపాస్ దిక్కు ఒక ఫంక్షన్ హాల్ల శని ఆదివారం రెండు రోజులు క్లాసు పెట్టిన్రు, "సృష్టికర్త ఉన్నడు – సైన్స్ చెప్పిన ఏడు రుజువులు" అని ఫ్లెక్సీ, మనిషికి 400, రెండు పూటల భోజనం, నాలుగు సార్ల చాయ్, ఒక బుక్లెట్టు, ఆఖర్ల సర్టిఫికెట్ అట. పెట్టినోళ్ళ పేరు రాయను, ఏ మతమో కూడ రాయను, రాస్తె కింద కొట్లాట మొదలై అసలు ముచ్చట గాలికి పోతది. అయినా నేను చెప్పేది ఏ మతం వాళ్ళు పెట్టినా దాదాపు ఇట్లనే ఉంటది, సరుకు ఒక్కటే, ప్యాకింగ్ వేరు.

నేను పోదామనుకోలే. మా బామ్మర్ది రెండు టికెట్లు కొన్నడు, వాని దోస్తు రాలేనన్నడట, "బావా నువ్వు రా, గడియారం గురించి కూడ చెప్తరంట" అన్నడు. గడియారం అంటె నేను ఆగుతనా. క్లాక్ టవర్ సెంటర్ దగ్గర ఇరవై ఆరేండ్ల సంది నాది వాచీ రిపేర్ షాపు, షాపంటె షాపు కాదు, ఒక అద్దాల డబ్బా, ఒక స్టూలు, ఒక బల్బు. రెండు రోజులు మూసుకుని పోయిన, అంటె నాకు టికెట్టు నాలుగొందలు కాదు, రెండు రోజుల గిరాకి కూడ కలుపుకోవాలె. అందుకే గింత పొడుగు రాస్తున్న, పైసలు వసూలు కావాలె కద.

ఏర్పాట్లు బాగనే ఉన్నయి. హాలు సల్లగుండె, కుర్చీలు మంచియి, మైకు మొదటి గంట కీచుమన్నది తర్వాత సెట్ అయింది. అన్నం, పప్పు, వంకాయ, సాంబారు, పెరుగు, రెండో రోజు బగారన్నం ఆలుకుర్మ. భోజనానికి నాలుగున్నర స్టార్లు ఇస్తా, చాయ్‌కు ఒక్కటి, చక్కెర పాకం అది. బాత్రూముల ముచ్చట వదిలేయ్‌రి.

ఇగ అసలు సరుకు. సారు హైదరాబాద్ నుంచి వచ్చిండు, మంచి మాటకారి, నవ్విస్తడు, మనిషిని తిట్టడు, గది నచ్చింది నాకు. శనివారం పొద్దుగాల మొదలుపెట్టుడే వాచీతోని. ఇంగ్లండుల పేలీ అని ఒక పాదిరి 1802ల చెప్పిన ముచ్చట: నువ్వు పొలం గట్టు మీద పోతున్నవ్, కాలికి రాయి తగిలితె ఎవరు పెట్టిన్రు అని అడగవు, అదే ఒక వాచీ దొరికితె దీన్ని ఎవడో చేసిండు అని తెల్సిపోతది, మరి కన్ను, గుండె, మెదడు వాచీ కన్నా వెయ్యి రెట్లు కష్టమైనయి కద, వాటిని చేసినోడు లేడా అని. హాలంత చప్పట్లు. మా బామ్మర్ది నన్ను మోచేత్తో పొడిచిండు, "నీ లైనే బావా".

నా లైనే, అందుకే నాకు కడుపుల ఏదో తిప్పింది. ఎందుకంటె రోజూ వాచీ మూత తీసేటోన్ని నేను. మొన్ననే ఒక పెద్దమనిషి హెచ్ఎంటీ జనతా తెచ్చిండు, పెండ్లప్పుడు పెట్టిన వాచీ అట, ఆగిపోయింది. వెనక మూత తిప్పి తీసి కంటికి అద్దం పెట్టుకుని చూస్తె ఏం కనబడుతది? బ్రిడ్జి మీద జువెల్స్ పదిహేడు అని చెక్కి ఉంటది. ఒక స్క్రూ తలకాయ మీద గీత, ఎన్నడో ఎవడో మెకానిక్ స్క్రూడ్రైవర్ జారిచ్చుకున్న గీత. మూత లోపల సూదితోని గీకిన తారీకు, అది మా వాళ్ళ అలవాటు, ఎప్పుడు సర్వీస్ చేసినమో గుర్తుకు గీకుతం. పండ్ల చక్రం అంచున మిషన్ కోసిన జాడ. 1961ల బెంగళూరుల జపాన్ సిటిజన్ కంపెనీతోని కలిసి ఆ ఫ్యాక్టరీ మొదలుపెట్టిన ముచ్చట మా ఉస్తాద్ వంద సార్లు చెప్పిండు. అంటె వాచీ తయారైన వస్తువని నాకు తెల్సేది అది కష్టమైన మిషన్ అని కాదు. చేతి జాడలున్నయి కాబట్టి, చేసేటోళ్ళను చూసిన కాబట్టి, ఫ్యాక్టరీ ఉందని తెల్సు కాబట్టి. గుండె మూత తీసి లోపల ఎవని సూది గీత చూసినమని అంత గట్టిగ చెప్తం?

ఇంకోటి, చాయ్ బ్రేకుల బామ్మర్దికి చెప్పిన గాని వాడు బిస్కెట్ల మీద ఉన్నడు: గట్టు మీద వాచీ ఎందుకు కొట్టొచ్చినట్టు కనబడింది? చుట్టున్న గట్టు, రాయి, గడ్డి తయారైనట్టు లెవ్వు కాబట్టి. ఆ తేడా పట్టుకుని వాచీకి చేసినోడున్నడు అని తేల్చి, మళ్ళ ఎనక్కి తిరిగి ఆ గట్టు కూడ చేసిందే, గడ్డి కూడ చేసిందే అంటె మొదట చూసిన తేడా ఏమాయె.

ఇది ఇంగ్లండోళ్ళ ముచ్చటే అనుకోకుండ్రి. మా షాపుకు ఒక రిటైర్డ్ సంస్కృతం సారొస్తడు, సెల్ మార్చుకునుడు పది నిమిషాలు, ముచ్చట గంటన్నర. ఆయన చెప్పిండు, మన న్యాయ దర్శనం వాళ్ళు, అంటె కోర్టు న్యాయం కాదు, పాత తర్కశాస్త్రం వాళ్ళు, వాచీ లేనప్పుడే కుండను చూపించిన్రట. కుండకు కుమ్మరి ఉన్నట్టు భూమికి కూడ కర్త ఉండాలె అని. దానికి 7వ శతాబ్దంల బౌద్ధుడు ధర్మకీర్తి ఏమన్నడంటె, మట్టి వస్తువు అయినంత మాత్రాన కుమ్మరి చేసిండంటె పాముల పుట్ట కూడ మట్టే కద, అది కూడ కుమ్మరే చేసిండా అని. పుట్ట! మన చేన్ల నిలబడి మాట్లాడినట్టున్నది. మళ్ళ 10వ శతాబ్దంల ఉదయనాచార్యులు ఈ కుండ వాదాన్ని ఇంకా గట్టిగ కట్టిండట. ఇంకో విచిత్రం, వేదమే పరమ ప్రమాణం అనే మీమాంసకులల్ల కుమారిల భట్టు లాంటోళ్ళు సృష్టికర్త ఉన్నడనే వాదాన్ని ఒప్పుకోలేదట. అంటె దేవుడున్నడనేటోడు మనోడు, లేడనేటోడు ఫారిన్ పుస్తకం చదివినోడు అనే లెక్క ఈ గడ్డ మీద ఎప్పుడూ లేదు. సాగర్ కాడ బుద్ధవనం చూసొస్తం, ఫొటోలు దిగుతం, ఆ బౌద్ధులు ఈ వాదం మీదనే వందల ఏండ్లు కొట్లాడిన్రని మాత్రం ఎవ్వరం అనుకోం. నాలుగొందల టికెట్టుల ఇది ఒక్క ముక్క చెప్పలే సారు.

పానగల్లు ముచ్చట మాత్రం తీసిండు. ఊరికి నాలుగు కిలోమీటర్లల్ల ఛాయా సోమేశ్వరాలయం, కందూరు చోడుల కాలం గుడి, మూడు గర్భగుడులు, ఒకదాంట్ల పొద్దంత స్తంభం నీడ కదలకుండ ఉంటది. "సూర్యుడు కదులుతున్నా నీడ కదల్లేదు, ఇది మనిషి పనా?" అన్నడు. నాకు నవ్వొచ్చింది. మనిషి పనే సార్! నేరుగా ఎండ పడి వచ్చే నీడ కాదది, బయట నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుగు, స్తంభాలు నిలబెట్టిన తీరు, రెండు కలిసి ఆ నీడ. దాన్ని లెక్కగట్టి కట్టిన శిల్పికి దండం పెట్టాలె. దేవుని ఖాతల వేస్తె ఆ శిల్పి కూలి ఎగ్గొట్టినట్టే. మా మేస్త్రీలు, కంసాలోళ్ళు, నా లాంటోళ్ళు ఎవరు విన్నా ఊకోరు ఈ మాటకు.

మధ్యాహ్నం ముందు కన్ను. కన్ను ఒక్కపారి తయారు కావాలె, సగం కన్ను దేనికి పనికొస్తది అన్నడు. బుక్లెట్టుల డార్విన్ మాట కూడ అచ్చేసిన్రు, కన్ను తనంతట తయారైందనుడు అసంబద్ధంగ కనబడుతదని ఆయనే ఒప్పుకున్నడని. 1859 పుస్తకంల ఆ మాట ఉన్నది నిజమే, కాని ఆ వెంటనే ఎట్ల మెట్టు మెట్టుగ అయ్యి ఉంటదో కూడ ఆయనే రాసిండు, ఆ సగం కోసేసిన్రు. ఇది నాకు మస్తు కోపమొచ్చిన పాయింటు, ఒక స్టారు పోయింది ఇక్కడ్నే. సగం కన్ను దేనికి అంటె, మా అమ్మకు మోతిబిందు వచ్చినప్పుడు వెలుగు చీకటి మాత్రమే తెల్సేది, దాంతోనే గోడ పట్టుకుని ఆకిట్లకు వచ్చేది, ఏమీ లేనిదానికన్నా అది నయం కాదా? స్వీడన్ శాస్త్రవేత్తలు ఇద్దరు 1994ల లెక్కగట్టిన్రు, వెలుగు తెల్సే చర్మం మరక నుంచి చేప కన్ను లాంటి కన్ను దాక రావడానికి నాలుగు లక్షల తరాల లోపే సరిపోతదని. ఏటికో తరం అనుకుంటె నాలుగు లక్షల ఏండ్లు, భూమి వయసు 450 కోట్ల ఏండ్లు.

నా అనుభవంల చెప్తా వినుండ్రి. వాచీలు రెండు తీర్లయి వస్తయి. ఒకటి కంపెనీది, ఏ ముక్క ఏ ముక్కకు పుట్టిందో అట్లనే ఉంటది. రెండోది అతుకుల వాచీ, పైన డయల్ ఒకదానిది, లోపల మిషన్ ఇంకోదానిది, ముళ్ళు మూడోదానియి, నడుస్తది, టైము కూడ చూపెడుతది, కాని మూత తీయంగనే తెల్సిపోతది ఉన్న ముక్కలతోని సర్దిన్రని. ఒంట్లకు చూస్తె నాకు రెండోదే కనబడుతది. మెదడు దిక్కు నుంచి గొంతు పెట్టెకు ఒక నరం పోవాలె, జానెడు దూరం. అది సక్కగ పోదు. ఛాతీలకు దిగి, గుండె కాడ పెద్ద రక్తనాళం కింది నుంచి చుట్టుకుని మళ్ళ పైకి ఎక్కుతది. జిరాఫీల కూడ ఇదే తొవ్వ, నాలుగైదు మీటర్ల నరం అయితది, పని మాత్రం అదే జానెడు. చేపల్ల అది సక్కని తొవ్వనే, మెడ లేదు కద. మెడ పెరుగుకుంట వచ్చింది, నరం అట్లనే చిక్కుకుని సాగింది. ఏ మెకానిక్ అయినా కొత్తగ డిజైన్ చేస్తె వైరు గట్ల గుంజడు. అట్లనే విటమిన్ సి: చాలా జంతువులు ఒంట్లనే తయారు చేసుకుంటయి, మనకు ఆ జీన్ ఉన్నది గాని పాడైపోయి ఉన్నది, కోతులల్ల చింపాంజీలల్ల కూడ అదే జీన్ పాడై ఉన్నది. నడవని ముక్కను లోపలనే ఉంచేసిన వాచీ అన్నట్టు. ఉసిరికాయ మనం బయట తినాల్సొస్తది.

డీఎన్ఏ గురించి చెప్పేటప్పుడు "ఇది దేవుడు రాసిన పుస్తకం, 300 కోట్ల అక్షరాలు" అన్నడు. లెక్క కరెక్టే. మరి ఉల్లిగడ్డది మనకన్నా అయిదింతలు పొడుగు. మా బామ్మర్దికి ఇది చెప్తె సాంబార్ల ఉల్లిగడ్డను చెంచతోని తీసి కాసేపు చూసిండు.

కాని ఒక్కటి న్యాయంగ ఒప్పుకోవాలె. మొట్టమొదటి జీవకణం ఎట్ల పుట్టింది అనే కాడ సారు అన్నది నిజమే, ఇప్పటి దాక ఎవ్వరికి పూర్తిగ తెల్వదు. 1953ల మిల్లర్ అనే శాస్త్రవేత్త గాజు సీసాల గ్యాసులు, నీళ్ళు పెట్టి కరెంటు మెరుపులు కొడితె అమైనో ఆమ్లాలు వచ్చినయి, అది ఇటుకలు దొరికినట్టు, ఇల్లు కట్టినట్టు కాదు. సారు దాని మీద పెద్ద లెక్క చూపెట్టిండు, 150 ముక్కల ప్రొటీన్ ఒకటి, ఒక్కో ముక్కకు ఇరవై రకాలు, గాలివాటుగ సరైన వరస పడాలంటె ఒకటి పక్కన 195 సున్నలల్ల ఒక వంతు అని. సున్నలు స్క్రీన్ మీద ఉరుకుతుంటె హాలు మొత్తం సైలెంటు. లెక్కల తప్పు లేదు, లెక్క వేసిన తీరుల తప్పున్నది. సూట్‌కేసు నంబర్ తాళం నాలుగు చక్రాలది తెరవాలంటె పదివేల సార్లు తిప్పాలె, అదే ఒక్కో చక్రం సరైన అంకె కాడ చిన్నగ టిక్కుమని చేతికి తెల్సిందనుకో, నలభై సార్లల్ల తెరుచుకుంటది. నేను తెరిచిన, దొంగతనం కాదు, గిరాకీలే తెస్తరు. పైన లెక్క అన్ని చక్రాలు ఒక్కపారే పడాలె, పనిచేసే వరస ఒక్కటే ఉండాలె అనుకుని వేసింది. ఆ టిక్కు, అంటె కొంచెం పనికొచ్చిన ముక్క నిలబడి మిగిలిపోవుడు, ఎట్ల మొదలైందనేది మాత్రం ఇంకా తెల్వదు, ఒప్పుకుంట. అయితె తెల్వదు అంటె తెల్వదనే. వాచీ ఎందుకు ఆగిందో నాకు అంతుపట్టకపోతె రెండు రోజులాగి రమ్మంట గాని బిల్లు మీద దయ్యం అని రాయను కద.

మొదటి రోజు ఇంటికి పోయేటప్పుడు బామ్మర్దితోని అన్న, రేపు నేను రాను, షాపు తెరుస్త అని. వాడు బతిమిలాడిండు. మంచిగయింది పోయిన.

ఆదివారం విశ్వం ముచ్చట. సరుకు మారిపోయింది. బిగ్ బ్యాంగ్ చెప్పిండు, 1,380 కోట్ల ఏండ్ల కింద మొదలు, 1929ల హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎంత దూరం గెలాక్సీ అంత జోరుగ మన నుంచి దూరం ఉరుకుతున్నదని చూపెట్టిండు, 1965ల ఇద్దరు శాస్త్రవేత్తలు యాంటెన్నల గుయ్‌మనే చప్పుడు ఎటు తిప్పినా పోకపోతె పావురాల రెట్ట అనుకుని కడిగిన్రు, తీరా చూస్తె అది విశ్వం పుట్టినప్పటి వేడి, చల్లారి చల్లారి మిగిలింది. ఇది చెప్పేటప్పుడు సారు ముఖం వెలిగిపోయింది, నిజంగ ఇష్టపడి చదివినట్టుండె. అక్కడ్నించి వాదం: మొదలైన ప్రతిదానికి కారణముంటది, విశ్వం మొదలైంది, కాబట్టి కారణముంది. నా పక్క కుర్చీల ఖాసిం భాయ్, క్లాక్ టవర్ కాడ నా పక్క షాపే, నా చెవుల అన్నడు "ఇది మా మౌల్సాబ్ చిన్నప్పుడే చెప్పిండు యార్". నిజమే, దీన్ని కలామ్ వాదం అంటరు, 1111ల చనిపోయిన ముస్లిం పండితుడు గజాలీ దీన్ని పాపులర్ చేసిండు, ఇప్పుడు అమెరికా క్రైస్తవ పండితులు వాడుతున్నరు. సరుకు ఒక్కటే అన్న కద ముందుగాల.

ఈ వాదాన్ని నేను తీసిపారేయ. బరువున్నది. కాని రెండు పేచీలు. ఒకటి, బిగ్ బ్యాంగ్ అంటె ఇప్పుడున్న విశ్వం వేడిగ దట్టంగ ఉన్న స్థితి నుంచి ఎట్ల వ్యాపించిందో చెప్పే లెక్క. దానికి ముందు ఏమీ లేదా, ముందు అనే మాటే ఉంటదా అనేది ఆ లెక్క తేల్చలే. 2003ల ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం రుజువు చేసిన్రు, సగటున వ్యాపిస్తున్న విశ్వాన్ని ఎనకకు తిప్పుకుంట పోతె ఆ వ్యాప్తికి ఒక హద్దు తగులుతదని. హద్దు అవతల ఏముందో అది చెప్పదు. రెండోది, కారణం కార్యం అంటె ముందు ఒకటి తర్వాత ఒకటి. నా దగ్గర టైమే పని, అందుకే అడుగుతున్న, టైమే మొదలైన కాడ "ముందు" అనే మాటకు అర్థమేంది? వాచీ ఆగితె ఎన్ని గంటలకు ఆగిందో చెప్తం, టైమే లేని కాడ ఎన్ని గంటలకు చావి ఇచ్చిండంటె ఏం చెప్తం.

సారు చెప్పని ముక్క ఒకటి నేను చెప్త, నాకు భలే ఇష్టమైనది. ఈ బిగ్ బ్యాంగ్ ఆలోచన మొదట తెచ్చిందే ఒక పాదిరి, బెల్జియం లెమైత్ర్, చర్చి ఫాదరూ ఆయనే ఫిజిక్స్ ప్రొఫెసరూ ఆయనే. 1951ల పోపు గారు సంబరంగ ఈ సైన్స్ సృష్టిని రుజువు చేస్తున్నట్టు మాట్లాడితె, ఎగిరి గంతేయాల్సిన మనిషే ఇది మంచిది కాదని బాధపడ్డడు. తన లెక్క దేవుని ముచ్చటకు బయట ఉండేదని ఆయన మాట. దేవుణ్ణి నమ్మిన మనిషే దేవుణ్ణి లెక్కల మీద ఆనించొద్దన్నడు, రేపు లెక్క మారితె ఏం గతి అని నేననుకుంట. ఫ్లెక్సీ మీద ఐన్‌స్టీన్ బొమ్మ వేసిన్రు గాని ఈయన బొమ్మ లేదు. ఐన్‌స్టీన్ 1929లనే చెప్పిండు, తాను నమ్మేది స్పినోజా అనే తత్వవేత్త చెప్పిన దేవుణ్ణి, ప్రకృతి క్రమంల కనబడేటోన్ని, మనుషుల మంచిచెడ్డలు చూసుకునేటోన్ని కాదు అని.

ఇగ ఆరో రుజువు. దీనికోసమే మూడు స్టార్లు, లేకుంటె రెండే. భోజనం అయినంక పెట్టిన్రు దాన్ని, బగారన్నం తిన్నంక, సగం హాలు నిద్రల, సారు కూడ నలభై నిమిషాలల్ల ఉరికిచ్చిండు. సెల్ల కింద మంచి వాచీ దాచి డబ్బా పైన చైనా వాచీ పెట్టినట్టు. విశ్వం అంకెలు గింత సరిగ్గ ఎట్ల కుదిరినయి అనేది ప్రశ్న. ప్రోటాన్ కన్నా న్యూట్రాన్ బరువు వెయ్యికి దాదాపు 1.4 వంతు ఎక్కువ, గంతే, అది ఉల్టా ఉంటె హైడ్రోజనే నిలవదు, నీళ్ళు లెవ్వు, సూర్యుడు ఇట్ల మండడు. మన ఒంట్ల కార్బన్ నక్షత్రాల కడుపుల మూడు హీలియంలు కలిస్తె పుట్టాలె, కలవడానికి కార్బన్‌ల ఒక ప్రత్యేక శక్తి మెట్టు ఉండాలె, లేకుంటె ఇంత కార్బన్ రాదు అని ఫ్రెడ్ హాయిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1953ల ముందే చెప్పిండు, ల్యాబుల వెతికితె అదే కాడ దొరికింది. హాయిల్ నాస్తికుడు, ఆయనకే గుండె ఝల్లుమన్నదట. ఇగ ఖాళీ ఆకాశంల ఉండే శక్తి, లెక్క ప్రకారం రావాల్సినదానికి కొలిచినదానికి తేడా ఒకటి పక్కన 120 సున్నలన్ని రెట్లు. అది ఒక హద్దు దాటి ఎక్కువుంటె గెలాక్సీలే కట్టకపోయేటియని వైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1987ల చెప్పిండు, 1998ల నిజంగనే సున్న కాదు చిన్నగ ఉన్నదని తేలింది.

నాకెందుకు పట్టుకున్నదంటె, వాచీల బ్యాలెన్స్ చక్రం సెకనుకు అయిదు సార్లు టిక్కుమంటది, దాన్ని ఆడించేది వెంట్రుక లాంటి హెయిర్‌స్ప్రింగ్. మా నల్లగొండ మే నెల ఎండకు స్ప్రింగు బిగువు తగ్గి టైము ఎనకకు పడాలె. పడకపోవడానికి పనికొచ్చే నికెల్, ఇనుము కలిపిన లోహాలు కనిపెట్టిండు గియోమ్ అని ఒకాయన, వాచీలోళ్ళ ఇంటోడే, 1920ల ఫిజిక్స్ నోబెల్ వాటికే ఇచ్చిన్రు. అందుల ఒకటి, నికెల్ వందకు 36 పాళ్ళు ఉన్న కాడ, వేడికి దాదాపు సాగదు, అటు ఇటు పోతె సాగుతది. 36 పాళ్ళు కలిపింది మనిషి, సరే. కాని ఆ 36 కాడ లోహం గట్ల ఆగాలె అని ఎవడు పెట్టిండు? అక్కడ్నే నాకు పొద్దుగాల చెప్పిన వాచీ కథకు, దీనికి తేడా తెల్సింది. వాచీని చూసి చేసినోన్ని అడుగుడు చిన్న ప్రశ్న. స్టీలుకు స్ప్రింగు గుణం ఎక్కడిది అనేది పెద్ద ప్రశ్న, దానికి డార్విన్ దగ్గర జవాబు లేదు, నా దగ్గర అసలే లేదు.

అంటె రుజువైనట్టేనా? కాదు, ఇక్కడ మన బోర్ల లెక్క చూడాలె. మా నాయన ఏడు బోర్లు వేసిండు, కొబ్బరికాయ అరచేతిల పెట్టుకుని తిరిగేటాయన పాయింటు పెట్టిండు, ఆరు ఎండిపోయినయి, ఏడోది రెండించుల నీళ్ళు పడ్డయి. ఊర్ల అందరు "ఆయన చెయ్యి మంచిది" అన్నరు, ఆరింటి ముచ్చట ఎవడూ ఎత్తలే. విశ్వాలు కూడ లెక్కలేనన్ని ఉండి, అన్నిట్ల అంకెలు వేరే వేరే ఉండి, బతుకు కుదిరిన దాంట్లనే మనం ఉన్నమనుకో, ఆశ్చర్యమేమీ లేదు, ఎండిన బోరు కాడ కూసుని ముచ్చట పెట్టేటోడే ఉండడు. కాని మిగతా బోర్లు ఎవరన్న చూసిన్రా? చూడలే. ఒక్కటే బోరు వేసి మొదటి దెబ్బకే ఆరించులు పడితె మాత్రం కొబ్బరికాయ ఆయనను ఇంటికి పిలిచి అన్నం పెట్టాల్సిందే. ఇప్పుడు మన పరిస్థితి ఏందంటె ఎన్ని బోర్లు వేసిన్రో తెల్వదు, అంకెలు అసలు వేరేగ ఉండే వీలుందో లేదో కూడ తెల్వదు. ఇక్కడ నేను ఎటు మొగ్గు చూపలే, నిజాయితీగ. కొన్ని రాత్రులు ఇటు, కొన్ని రాత్రులు అటు.

సారు ఇక్కడ్నే ఒక మాట అన్నడు, నీళ్ళను మన కోసమే కొలిచి పెట్టిండు, మంచుగడ్డ తేలుతది కాబట్టి చేపలు బతుకుతున్నయి అని. వెనక వరసల ఒక పిలగాడు, డిగ్రీ చదివేటోడున్నట్టుండు, లేచి "సార్ మాది మర్రిగూడ దిక్కు" అన్నడు. అంతే అన్నడు. నల్లగొండ హాల్ల ఆ మాటకు అర్థం ఎవ్వరికి చెప్పనక్కరలేదు. మా అమ్మమ్మది కూడ అటే, ఆమె ఆఖరి పదేండ్లు నేల చూసుకుంటనే నడిచింది, నడుము లేవలే. తాగే నీళ్ళల్ల ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు, దాటితె ఎముకలు వంగుతయి, మా దిక్కు రాళ్ళల్ల నుంచి దిగి అంతకు ఎన్నో రెట్లు ఉండె బోరు నీళ్ళల్ల. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టిన్రు, నల్లగొండ టెక్నిక్ అని, నాగపూర్ వాళ్ళు కనిపెట్టింది, తర్వాత నల్లాల కృష్ణ నీళ్ళు వచ్చినయి. సారు కొంచెం ఆగి "తమ్మీ, అది వేరే ప్రశ్న" అన్నడు. నాకు సారు మీద జాలేసింది, ఎందుకంటె లెక్కకు ఆయన మాట కరెక్టే. అంకెలు కుదిరించినోడు ఒకడున్నడా అనేది ఒక ప్రశ్న, ఉంటె ఆయన మంచోడా అనేది ఇంకో ప్రశ్న. కాని మీరే కద సార్ మొదట మా కోసమే కొలిచి పెట్టిండన్నది. పిలగాడు కూసున్నడు, చాలా సేపు హాల్ల ఫ్యాన్ల చప్పుడే.

ఏడో రుజువు అసలు రుజువే కాదు, సభ్యత్వం ఫారం. మూడున్నరకు కారణం ఒకటున్నదని తేలింది, నాలుగ్గంటలకు ఆ కారణం పేరు, ఆయన రాసిన గ్రంథం, ఆయనకు ఇష్టమైన తిండి, ఆయనకు పంపాల్సిన కవరు అన్నీ తేలినయి. మధ్యల మెట్లు ఏవి? గియోమ్ లోహం నుంచి చందా కవరు దాక ఎట్ల దిగినం? ఖాసిం భాయ్ కవరు ఖాళీగనే మడిచి జేబుల పెట్టుకున్నడు, షాపుల స్క్రూలు వేసుకునేటందుకు పనికొస్తదని. ప్రశ్నలు చీటీ మీద రాసియ్యాలె, వాళ్ళు ఏరి చదువుతరు, నేను మూడు రాసిన, ఒక్కటి కూడ రాలే. ఇంకో అర స్టారు పోయింది.

నేను నాస్తికున్ని కాదు, అడుగుతరు కాబట్టి చెప్తున్న. దసరాకు నా చిమ్టాలకు, స్క్రూడ్రైవర్లకు కుంకుమ పెడుత, అమాస నాడు ఇంటామెతోని చెర్వుగట్టు గుడికి పోత. దానికి పేలీ కారణం కాదు, హాయిల్ కారణం కాదు.

పోవాలా వద్దా అనేటోళ్ళకు: ఇంకో బ్యాచ్ మిర్యాలగూడల పెడుతరట. శనివారం పొద్దుగాలకు పైసలు పెట్టకుండ్రి. ఒక్కరోజు టికెట్టు ఇస్తరా అడుగుండ్రి, మాకు గేటు కాడ ఒకరిద్దరికి 250కి ఇచ్చిన్రు. ఆదివారం తొమ్మిదికి పోయి బిగ్ బ్యాంగ్ వినుండ్రి, మధ్యాహ్నం అన్నం తక్కువ తినుండ్రి, ఆరో రుజువు టైముకు కూలర్ పక్కన కాకుండ ముందు వరసల కూసోండ్రి, అది అయిపోంగనే చాయ్ తాగకుండ బయటపడుండ్రి. చీటీ రాస్తె పెద్ద అక్షరాలతోని రాయుండ్రి, ఒకవేళ నాయి చిన్నగ ఉండి కనబడలేదేమో, మా పనిల చిన్నగ రాసుడు అలవాటు.